గోదావరి డెల్టా పురమందిరాలు

పట్టణ ప్రజలు కూడి మాట్లాడుకోవడానికి, ఒకరు చెప్పింది పదిమంది వినడానికి, విన్నదాన్ని కాదనడానికి కట్టుకున్న సభాభవనం పురమందిరం. జనవ్యవహారంలో దాన్ని టౌన్‌హాలు అంటారు. ఇంగ్లండులో టౌన్‌హాలు అంటే పురపాలక సంస్థ కొలువుండే భవనం. మాంచెస్టర్‌లో 1877లో తెరిచిన టౌన్‌హాలులో మేయరు గది, కౌన్సిలు సమావేశాలు, సభలు జరిగే పెద్ద హాలు అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. తెలుగునాట అలా జరగలేదు. ఇక్కడ మునిసిపల్ ఆఫీసు ఒకచోట ఉంటే టౌన్‌హాలు మరోచోట ఉంటుంది. మొదటిది పన్ను కట్టడానికి వెళ్లే చోటు. రెండోది, ఆ పన్ను ఎందుకు పెంచారని అడగడానికి సభ పెట్టుకునే చోటు. గోదావరి జిల్లాల్లో పురమందిరం ప్రభుత్వం కట్టించి ఇచ్చింది కాదు, పౌరులే పూనుకుని నిలబెట్టుకున్నది. ఈ ప్రాంతపు ప్రజాజీవితంలో దాని స్థానాన్ని అర్థం చేసుకోవాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

పూర్వరంగం

టౌన్‌హాలు రాకముందు ఊళ్లో జనం కూడే చోట్లు లేకపోలేదు. రచ్చబండ ఉంది, చావడి ఉంది, గుడి ముందు మండపం ఉంది, బాటసారుల సత్రం ఉంది. పురాణ కాలక్షేపాలు, తగవుల తీర్పులు, పంట కాలువ వంతుల గొడవలు అక్కడే నడిచేవి. అయితే ఆ చోట్లు అందరివీ కావు. రచ్చబండ మీద కూర్చునేదెవరు, కింద నిలబడేదెవరు, దూరంగా చేతులు కట్టుకుని ఉండాల్సిందెవరు అన్నది సభ మొదలుకాకముందే కులం నిర్ణయించేది. ఆడవాళ్లు ఆ సభల్లో లెక్కలోకి వచ్చేవారు కారు. గుడి మండపంలో ఏ మాట చెల్లుతుందో ధర్మకర్తలు చూసుకునేవారు. రచ్చబండను గ్రామ ప్రజాస్వామ్యానికి ప్రతీకగా పొగడడం మనకు అలవాటైపోయింది గాని, ఈ సంగతి మరిచి పొగడడం చరిత్రకు న్యాయం కాదు. డబ్బు కట్టి సభ పెట్టుకోగలిగిన, టికెట్టు కొని లేదా ఊరికే వచ్చి బల్లమీద కూర్చోగలిగిన హాలు, ఎన్ని లోపాలున్నా, కొత్త రకం చోటు.

ఆ కొత్త చోటు రావడానికి రెండు పరిస్థితులు కలిసివచ్చాయి. ఒకటి నీరు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర కట్టిన ఆనకట్ట డెల్టాను వరి పొలంగా మార్చింది. కాలువల మీద పడవలు నడిచాయి, కాకినాడ రేవు పెరిగింది, రాజమండ్రిలో కోర్టులూ కళాశాలా వచ్చాయి. వకీళ్లు, ఉపాధ్యాయులు, వర్తకులు అనే చదువుకున్న మధ్యతరగతి ఒకటి తయారైంది. రెండోది పురపాలన. మద్రాసు ప్రభుత్వం 1865లో చేసిన పట్టణాభివృద్ధి చట్టం కింద 1866లో రాజమండ్రి, కాకినాడ, ఏలూరు మునిసిపాలిటీలయ్యాయి. మొదట్లో వాటిని నడిపింది అధికారులే. వైస్రాయి రిప్పన్ 1882 మే నెలలో స్థానిక స్వపరిపాలన తీర్మానం ప్రకటించాక, 1884లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాక ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరిగింది. 'ది హిందూ' పత్రిక స్థాపకుల్లో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు రాజమండ్రి పురపాలక సంఘాధ్యక్షుడయ్యాడు. తర్వాతి కాలంలో టంగుటూరి ప్రకాశం కూడా ఆ పదవి చేశాడు. ఓటు అడగాలంటే ఓటరుకు ఏదో చెప్పాలి. చెప్పాలంటే నిలబడి మాట్లాడే చోటు కావాలి.

రాజమండ్రి టౌన్‌హాలు

ఆ చోటును రాజమండ్రికి ఇచ్చినవాడు కందుకూరి వీరేశలింగం (1848–1919). 1890లో సొంత ఖర్చుతో టౌన్‌హాలు కట్టించి పురప్రజలకు అప్పగించాడు. ఆయన జమీందారు కాదు, పెద్ద వర్తకుడు కాదు. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి కళాశాలలో తెలుగు పండితుడైన మనిషి. జీతం రాళ్లు, పుస్తకాల మీద వచ్చిన రాబడి కూడబెట్టి ఊరికి సభాభవనం కట్టించిన పంతులు మరొకరు మన చరిత్రలో తేలిగ్గా దొరకరు.

ఎందుకు కట్టించాడో తెలియాలంటే అంతకుముందు పదహారేళ్లు చూడాలి. 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టి లంచగొండితనాన్ని, వేశ్యాలోలత్వాన్ని, బాల్యవివాహాలను ఎండగట్టాడు. 1878లో ప్రార్థన సమాజం స్థాపించాడు. 1879లో ఒక బాలికల పాఠశాలలో వితంతు వివాహం శాస్త్రసమ్మతమని ఉపన్యసించాడు. దాన్ని ఖండిస్తూ పండితులు సభలు పెట్టారు. ఆ ఖండనలకు సమాధానంగా ఆయన అదే ఏడాది రెండోసారి ఉపన్యసించాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య వేల రూపాయలిచ్చి ఆదుకున్నాడు. ఊళ్లో చాలామంది మాత్రం వెలివేశారు. ఆ పెళ్లికి వెళ్లినవారికి పురోహితులు, వంటవారు, నీళ్లు తెచ్చేవారు కూడా దొరకని పరిస్థితి వచ్చింది.

వెలిపడ్డ మనిషికి గుడి మండపం దొరకదు. పెద్దమనుషుల లోగిళ్లు మూసుకుంటాయి. బడి గది సర్కారుదో, సంస్థదో, మరో దాతదో. పైవారు వద్దంటే ఇక అంతే. ఊరంతా కాదన్న మాటను ఊళ్లోనే, పగటిపూట, తలుపులు తెరిచి చెప్పాలంటే ఎవరి దయమీదా ఆధారపడని హాలు ఒకటి ఉండాలి. తొలి పోరాటాల దశలో వీరేశలింగం స్నేహితుల ఇళ్ల మీద, పాఠశాల గదుల మీద ఆధారపడ్డాడు. కొంత నిలదొక్కుకున్నాక తనకోసం మేడ కట్టుకోకుండా సభల కోసం హాలు కట్టాడు. ఆయన చేసిన పనుల జాబితాలో వితంతు వివాహాలు, తొలి నవలగా పేరుపొందిన 'రాజశేఖర చరిత్రము', స్త్రీ విద్య ముందు వరుసలో నిలుస్తాయి. టౌన్‌హాలు ఎక్కడో చివర ఒక వాక్యంలో వస్తుంది. దానికి అంతకంటే ఎక్కువ చోటు దక్కాలి. మిగతా పనులన్నీ ఆయన అభిప్రాయాలను నిలబెట్టాయి. టౌన్‌హాలు ఇతరులు తమ అభిప్రాయం చెప్పుకోవడానికి చోటు చూపించింది.

కట్టినదాన్ని తన పేర ఉంచుకోకపోవడం కూడా గమనించాలి. ఆయన ఆస్తుల విషయంలో చివరిదాకా ఇదే పద్ధతి పాటించాడు. 1906లో హితకారిణి సమాజం స్థాపించి, తర్వాత తన యావదాస్తినీ దానికే రాసిచ్చాడు. వ్యక్తి చేతుల్లో ఉన్న హాలు వారసుల చేతుల్లోకి పోయి ఇల్లవుతుంది, లేదా అంగడవుతుంది. ధర్మకర్తల చేతుల్లో పెట్టినది నిలిచే అవకాశం ఎక్కువ. డెల్టాలో నిలిచిన సభాభవనాలు, గ్రంథాలయాలు చాలావాటి వెనుక ఇటువంటి దస్తావేజో, సంఘం రిజిస్ట్రేషనో ఉంటుంది.

ఉపన్యాసం, వాదం, నాటకం

కొత్త శతాబ్దం మొదట్లో గోదావరి మీద రైలు వంతెన వచ్చింది. హావెలాక్ వంతెనగా పిలిచే దాన్ని 1900లో తెరిచారు. అంతకుముందు కొవ్వూరు నుంచి రాజమండ్రికి రావాలంటే నది దాటడమే ఒక ప్రయాణం. వంతెన తర్వాత మద్రాసు, కలకత్తా వక్తలు రైలు దిగి సాయంత్రానికి సభలో ఉండగలిగారు. ఉపన్యాసం అనేది ఊరి వినోదాల్లోనూ ఊరి చదువుల్లోనూ ఒకటైంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ కోస్తా పర్యటనలో రాజమండ్రి వచ్చి కొన్ని రోజులు వరుసగా మాట్లాడాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ ఆంగ్లోపన్యాసాలను అక్కడికక్కడే తెలుగు చేశాడు. వందేమాతరం బాడ్జీలు పెట్టుకున్నందుకు ట్రైనింగ్ కళాశాల నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్లగొట్టింది ఆ వేడిలోనే. అంత జనాన్ని ఏ హాలూ పట్టలేదు, ఆరుబయట సభలే దిక్కు. కానీ ఉపన్యాసం వినే అలవాటు, ప్రశ్న వేసే అలవాటు, సభాధ్యక్షుడి మాటకు కట్టుబడే అలవాటు అప్పటికే చిన్న సభల్లో పెరిగి ఉన్నాయి. అవి లేకుండా పెద్ద సభ జరగదు. జనం పోగవడం ఒక్కటే మిగులుతుంది.

భాష విషయంలోనూ ఇంతే. జయంతి రామయ్య పంతులు పక్షం గ్రాంథికాన్ని నిలబెట్టడానికి 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టింది. అది తర్వాత కాకినాడ చేరింది. ఎదుటి పక్షంలో 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలిసింది. దానికి వీరేశలింగం అధ్యక్షుడు, గిడుగు రామమూర్తి దాని ప్రాణం. జీవితమంతా ఎక్కువగా గ్రాంథికంలో రాసిన వీరేశలింగం, చనిపోవడానికి మూడు నెలల ముందు వాడుకభాష పక్షాన అధ్యక్షపీఠం ఎక్కాడు. ఇలా రెండు పక్షాల కొలువులూ చివరికి గోదావరి పట్టణాల్లోనే కుదురుకోవడం యాదృచ్ఛికం కాదు. సభ పెట్టడానికి చోటు, వినడానికి జనం, మర్నాడు అచ్చువేయడానికి పత్రిక ఉన్న ఊళ్లివి.

నాటకం సంగతి వేరే చెప్పాలి. 1880లోనే వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని'ని రాజమండ్రిలో విద్యార్థులు ఆడారు. కోర్టు మోసాలను వకీళ్ల ఊళ్లోనే బయటపెట్టిన నాటకమది. చిలకమర్తి 'గయోపాఖ్యానం' తొలి ప్రదర్శనల్లో విద్యార్థి ప్రకాశం వేషం కట్టాడు. అప్పట్లో నాటకమంటే తాటాకు పందిరి వేయాలి, నిప్పు భయం, వాన భయం. శాశ్వతమైన హాలు వచ్చాక నాటక సమాజాలకు నిలకడ వచ్చింది. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అలాంటి నిలకడతో పనిచేసింది. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు అక్కడ ఆరితేరి సినిమాకు వెళ్లినవారే. ఏలూరులో వై.ఎం.హెచ్.ఎ. హాలు నాటక పోటీలకు, సంగీత నృత్య సభలకు పేరుమోసింది. అది మునిసిపాలిటీది కాదు, యువకుల సంఘానిది. పేరు టౌన్‌హాలు కాకపోయినా ఏలూరు వారికి పురమందిరం చేసే పని చాలావరకు అదే చేసింది.

సభలంటే పెద్దపెద్ద పేర్లే గుర్తుండిపోతాయి. పురమందిరంలో ఎక్కువ సాయంత్రాలు చిన్న పేర్లవి. ఒక రిటైర్డ్ మాస్టారి సన్మానం, స్థానిక కవి పుస్తకావిష్కరణ, అష్టావధానం, మునిసిపల్ కార్మికుల యూనియన్ మహాసభ, హరికథ, సంతాపసభ. ఆ పూట రిక్షాకు మైకు కట్టి వీధుల్లో తిరుగుతూ ప్రకటించేవారు. కరపత్రాల్లో వక్తల పేర్లు, చివర 'అందరూ ఆహ్వానితులే' అనే మాట ఉండేవి. ఆ మాట పెళ్లిపత్రికల్లో కనపడదు, రాజకీయ ర్యాలీకి అవసరం పడదు. ఒక హాలు పురమందిరమా కాదా అని తేల్చడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.

గ్రంథాలయం దానికి జంట సంస్థ. నాళం కృష్ణారావు 1898లో మొదలుపెట్టిన వసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయమైంది. పగలు అక్కడ చదివిన మనిషే సాయంత్రం సభలో లేచి ప్రశ్న అడిగేవాడు.

ఇతర పట్టణాల్లో

తెలుగు ప్రాంతంలో పురమందిరాలకు దాతలు రకరకాలు. విశాఖపట్నం టౌన్‌హాలు బొబ్బిలి రాజా దానం. నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పేరుతో పురమందిరం ఉంది. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. వీటిలో హైదరాబాదు టౌన్‌హాలుది విశిష్ట కథ. మహబూబ్ అలీఖాన్ నలభయ్యవ జన్మదినం పేరిట 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేసిన ఆ భవనమే తర్వాత శాసనసభ అయింది. రాజు గౌరవార్థం కట్టిన హాలులో చివరికి ఓటర్ల ప్రతినిధులు కూర్చున్నారు. ఈ వరుసలో రాజమండ్రిది వేరు ఎందుకంటే, ఇక్కడి దాత ఆ హాలు అవసరం స్వయంగా అనుభవించినవాడు.

కాకినాడకు 1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ వచ్చింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. దానితోపాటు జరిగిన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర, టికెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూను ఆపిన స్వచ్ఛంద సేవిక పద్నాలుగేళ్ల దుర్గాబాయి. ఎవరికైనా ఒకటే నియమం అన్న సభామర్యాదను ఆ పిల్ల పాటించింది.

చట్టం దృష్టిలో

రాజ్యాంగంలోని 19వ అధికరణం శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఇస్తుంది. చోటు మాత్రం ఇవ్వదు. 2022 డిసెంబరు 28న నెల్లూరు జిల్లా కందుకూరులో రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఆ తర్వాత 2023 జనవరి మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 జారీ చేసింది. అదే ఏడాది మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రాణనష్టం నిజం. సమావేశ హక్కు కూడా అంతే నిజం. రెండింటినీ కాపాడే దారి, ప్రతి పట్టణంలో అందరికీ అందుబాటులో, తక్కువ అద్దెలో సభాస్థలాలు ఉండడమే. శబ్దకాలుష్య నియమాలు (2000) కూడా ఈ తేడా గుర్తించాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు వంటి మూసిన చోట్ల లోపలివారికి మాత్రం వినిపించేలా వాడుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద లోటు ఒకటి ఉంది. 243-ఎ అధికరణం గ్రామసభను గుర్తించింది. కోనసీమలోని ఏ చిన్న పంచాయతీలోనైనా ఓటరైన ప్రతివారూ గ్రామసభ సభ్యులే. లెక్కలు అడగవచ్చు, లబ్ధిదారుల జాబితా మీద నిలదీయవచ్చు. పట్టణ పౌరుడికి రాజ్యాంగం అంత ఇవ్వలేదు. 74వ సవరణలోని 243-ఎస్ అధికరణం 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న పురపాలక సంస్థల్లో వార్డు కమిటీలు వేయాలంటుంది. 2011 జనగణన ప్రకారం డెల్టాలో ఆ గీత దాటినవి రాజమండ్రి, కాకినాడ మాత్రమే. భీమవరం, ఏలూరు, అమలాపురం, తణుకు దానికి దిగువనే ఉన్నాయి. వార్డు కమిటీ అయినా కొందరు సభ్యుల సంఘమే తప్ప ఓటర్లందరి సభ కాదు. పంచాయతీ మునిసిపాలిటీ అయితే ఊరికి హోదా వస్తుంది, గ్రామసభ పోతుంది. ఈ నష్టం గురించి మన ఊళ్లలో చర్చే జరగదు. కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అది అవసరమే, అయితే అక్కడ ఒక్కొక్కరూ తమ కష్టం విడిగా చెప్పుకుంటారు. వీధిలో నలభై ఇళ్లవారికి ఒకే కష్టమని తెలిసేది నలభై మందీ ఒకచోట కూర్చున్నప్పుడే.

న్యూజెర్సీలో పురపాలక మండలి సమావేశంలో జనం మాట్లాడడానికి సమయం కేటాయించాలని చట్టమే చెబుతోంది. ఎడిసన్ వంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువారు ఆ సమయంలో లేచి రోడ్డు గురించి, బడి గురించి మాట్లాడవచ్చు. పుట్టినూరి మునిసిపల్ కౌన్సిల్లో మాట్లాడే హక్కు సభ్యులదే. ఆ కౌన్సిలు కూడా ఎప్పుడూ ఉంటుందన్న భరోసా లేదు. 2021 మార్చిలో రాష్ట్రంలో 12 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగాయి. వాటిలో ఏలూరు ఉంది, రాజమండ్రి లేదు. ఎన్నికైన మండలి లేనిచోట ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంది. ప్రశ్నించడానికి కార్పొరేటరు కూడా లేని రోజుల్లో పౌరులే పెట్టుకునే సభకు విలువ రెట్టింపవుతుంది.

నిర్వహణ

పురమందిరం నడపడం తేలిక కాదు. కప్పు కారుతుంది, కుర్చీలు విరుగుతాయి, కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది. సాహితీ సభలు ఇచ్చే అద్దె వాటికి చాలదు. పెళ్లిళ్లకు, చీరల అమ్మకాలకు ఇస్తే చాలుతుంది. అందుకే చాలా ఊళ్లలో సభాభవనాలు మెల్లగా కల్యాణ మండపాలయ్యాయి, ముహూర్తాల రోజుల్లో సభకు తారీఖు దొరకదు. రాజమండ్రిలోని ఆనం కళాకేంద్రం వంటి పెద్ద ఆడిటోరియం నాటకానికీ నృత్యానికీ బాగుంటుంది. అరవై మంది కూర్చుని డ్రైనేజీ గురించి వాదించుకోవడానికి అంత హాలు అక్కర్లేదు. ఆ ఖర్చూ భరించలేరు. కమిటీ సభ్యత్వం ఒకే వర్గం చేతుల్లో చిక్కుకోవడం మరో జబ్బు. అప్పుడు తమకు నచ్చని సభకు 'ఆ రోజు ఖాళీ లేదు' అన్న జవాబు వస్తుంది. దీనికి మందు పాతదే. బుకింగు రిజిస్టరు అందరికీ కనపడేలా ఉండాలి, ముందు అడిగినవారికి ముందు ఇవ్వాలి, అద్దె పట్టిక గోడ మీద రాసి ఉండాలి, పౌరసంఘాలకు తక్కువ అద్దె ఉండాలి, వారంలో ఒకటి రెండు సాయంత్రాలు సభలకే కేటాయించాలి. పెళ్లిళ్ల రాబడితో సభల లోటు పూడ్చుకోవచ్చు, రెండింటి లెక్కా సర్వసభ్య సమావేశంలో చదవాలి. మునిసిపాలిటీ ఆస్తిపన్ను మినహాయింపో, ఏటా చిన్న గ్రాంటో ఇచ్చి, బదులుగా ఏ పార్టీకీ ఏ కులానికీ హాలు నిరాకరించకూడదనే షరతు పెట్టవచ్చు.